మా అమ్మమ్మ కుట్టిన కవర్లు

కవర్లో నోటు దాచడంలో మా అమ్మమ్మ పెరూనికను మించిన మనిషి ఈ భూగోళం మీద లేదు. దొంగలు కనిపెట్టలేరు, సరిహద్దు దగ్గర వాసన చూసే కుక్కలు కనిపెట్టలేవు, ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించినా ఆ కవర్లో ఒక ముసలావిడ ఆశీర్వాదం తప్ప ఇంకేమీ కనపడదు. మనవరాలినన్న అభిమానంతో చెప్పడం లేదు. ఆ డబ్బు ఎవరికి పంపిందో వాళ్ళకే దొరక్క ఫోన్లు చేసిన సందర్భాలు లెక్కపెడదామని కూర్చుని, వేళ్ళు చాలక మానేశాను.

సంగతేమిటంటే, మా అమ్మమ్మ ఆన్‌లైన్ వేలంలో వస్తువులు కొంటుంది. అందులో వింతేమీ లేదు, మా ఊళ్ళో పూజారిగారు కూడా కొంటారు. కానీ ఈవిడ కొన్నవాటికి డబ్బు కాగితం నోట్లుగా, కవర్లో పెట్టి, రిజిస్టర్ పోస్టులో పంపుతుంది. కార్డు వద్దు. బ్యాంకు వద్దు. వస్తువు ఇంటికొచ్చాక పోస్ట్‌మాన్ చేతిలో డబ్బు పెట్టే పద్ధతి దేశమంతా ఉంది, అదీ వద్దు.

"వస్తువు చూశాకే డబ్బిస్తానంటే అమ్మేవాణ్ణి దొంగ అన్నట్టు కాదుటే?" అంటుంది.

"మరి బ్యాంకు ద్వారా పంపొచ్చుగా?"

"బ్యాంకువాడు దొంగ. అనక్కర్లేదు, అందరికీ తెలుసు."

తొంభైల్లో బ్యాంకులు మూతపడినప్పుడు ఆవిడ ఇరవై ఏళ్ళు దాచుకున్న జర్మన్ మార్కుల నోట్లన్నీ లోపలే ఉండిపోయాయి. ఇప్పటికీ బజారుకెళ్తే బ్యాంకు ముందు నుంచి నడవదు. రోడ్డు దాటి, అవతలి వైపు నుంచి నడిచి, మళ్ళీ ఇవతలికి వస్తుంది.

వేలం సైటులో ఆవిడకి ఖాతా తెరిచి పెట్టిన పాపం నాదే. నేను కొండ కింద బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాను. ఎకనామిక్స్ స్కూల్లో రెండేళ్ళు చదివి, మా ఇద్దరికీ పొసగక బయటికొచ్చేశాను. అప్పట్నుంచి అమ్మమ్మ దగ్గరే ఉంటున్నాను. నా పేరు దున్యా. అమ్మమ్మ మాత్రం "సగం చదువు" అని పిలుస్తుంది.

"ఇందులో పాట ఎలా పాడాలే, సగం చదువూ?" అని అడిగింది మొదటిరోజు.

"ఇక్కడ నొక్కితే ఇరవై దినార్లు పెరుగుతుంది."

"అవతలివాడు కూడా నొక్కితే?"

"నువ్వు మళ్ళీ నొక్కాలి."

"వాడు మళ్ళీ నొక్కితే?"

"నువ్వూ మళ్ళీ."

"ఇంత గొడవెందుకు. ఎవరికీ అక్కర్లేనివి ఎక్కడున్నాయో అవి చూపించు."

ఇక ఆ రోజునుంచి ఈ దేశంలో ఎవరికీ అక్కర్లేని వస్తువులన్నీ మా ఇంటికి రావడం మొదలెట్టాయి. మోగని తలుపు గంట. ఒంటి స్కీ కర్ర. ఉడికిన గుడ్డు నిలబెట్టి తినే గుడ్డు గిన్నెలు, అవీ జత తప్పినవి. 1983 నాటి రైలు టైంటేబులు. ఒక పెట్టెడు బొత్తాలు, మళ్ళీ ఒక పెట్టెడు బొత్తాలు, ఆ రెండు పెట్టెల్లో ఏ రెండు బొత్తాలకీ పోలిక లేదు. ఒక్కోటి యాభై దినార్లకి మించదు. దాని డబ్బు పంపడానికయ్యే రిజిస్టర్ ఖర్చు వస్తువు ఖరీదుకి రెండింతలు.

"అమ్మమ్మా, యాభై దినార్ల గుడ్డు గిన్నెకి వంద దినార్ల స్టాంపులా?"

"గిన్నె చిన్నదే. మర్యాద పెద్దది."

నోటు దాచే పని ఉదయం కాఫీ తాగాక మొదలవుతుంది. ముందు కిటికీ మూస్తుంది. తలుపూ కిటికీ రెండూ తెరిచుంటే మధ్యలో వచ్చే గాలికి మనిషి ప్రాణం పోతుందని మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు, నోట్ల సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత నోటుని ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీ చేసిన నోటుని నల్ల కార్బన్ కాగితంలో చుడుతుంది. దాన్ని రెండు కాగితాల మధ్య పెట్టి, అంచులు మైదా జిగురుతో అంటించి, పైన ఎర్ర మిరపకాయల ఊరగాయ ఎలా పెట్టాలో రాస్తుంది. ఆ కాగితాన్ని ఉత్తరంలో మడుస్తుంది. ఉత్తరాన్ని కవర్లో పెట్టి, జిగురు మీద నమ్మకం లేక అంచు పొడుగునా సూదీ దారంతో కుట్టేస్తుంది. మామూలు కుట్టు కాదు, దుప్పటి అంచుకి వేసే కుట్టు.

ఉత్తరం లేకుండా డబ్బు ఎప్పుడూ పంపలేదు. "వట్టి నోటు పెట్టి పంపడానికి మనమేమైనా జరిమానా కడుతున్నామా?" అంటుంది. ముక్కూ మొహం తెలియని అమ్మకందారుకి రెండు పేజీలు రాస్తుంది. మీ పిల్లలెందరు, మీ వైపు మంచు పడిందా, మీరు పెట్టిన ఫొటోలో గుడ్డు గిన్నె వెనకాల గోడకి చెమ్మ కనిపించింది, సున్నంలో కొంచెం ఉప్పు కలపండి. ఇలా ఉంటాయి.

ఆవిడ ఖాతా కింద అమ్మకందారులు రాసిన అభిప్రాయాలు నేను అప్పుడప్పుడూ కొట్లో కూర్చుని పైకి చదివి నవ్వుకుంటాను. "డబ్బు అందింది. వెతకడానికి రెండు రోజులు పట్టింది." "చాలా నిజాయితీ గల కొనుగోలుదారు. కత్తెర దగ్గర పెట్టుకోండి." "ఊరగాయ బ్రహ్మాండంగా కుదిరింది. డబ్బు ఇంకా దొరకలేదు, తొందరేం లేదు." "గోడ ఆరింది."

అన్నిటికన్నా గొప్పది సాసేజి ముచ్చట. మా వైపు సాసేజిని సీసాతో రోజూ అదిమి అదిమి, ఇస్త్రీ చేసిన బెల్టులాగా చదును చేసి ఎండబెడతారు. అది కవర్లో చక్కగా పడుతుంది. ఉత్తరాన, సుబోతిత్సాలో, లాయోష్ గారని ఒక రిటైరైన దర్జీ ఉన్నాడు. బొత్తాలన్నీ ఆయన దగ్గర కొన్నవే. ఒకసారి అమ్మమ్మకి కొత్త ఆలోచన వచ్చింది. రెండు సాసేజి ముక్కల మధ్య మైనపు కాగితం, ఆ కాగితం మడతలో నోటు. వారానికి ఆయన ఫోన్ చేశాడు. అమ్మమ్మకి చెవి మందం కాబట్టి ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"పెరూనికగారూ, సాసేజి అందింది. నేనూ మా ఆవిడా రొట్టెలో పెట్టుకుని తిన్నాం. అలాంటిది ఈ జన్మలో తినలేదు."

"సంతోషం. డబ్బు?"

"అదే అడుగుదామని. డబ్బేదండీ?"

"సాసేజిలోనే."

అవతల భార్యాభర్తల గుసగుసలు వినిపించాయి.

"తినేశామండీ."

"ముక్కల మధ్య కాగితం ఉండాలే."

"ఉంది. జిడ్డుగా ఉందని మా ఆవిడ పొయ్యిలో వేసింది."

"బాగా మండిందా?" అంది అమ్మమ్మ.

"మండిందండీ."

"సరే, మళ్ళీ పంపుతాను. ఈసారి తినేది పెట్టను."

"డబ్బు లేకపోయినా ఫరవాలేదు," అన్నాడు లాయోష్ గారు. "తినేది పెట్టండి."

ఇక పోస్టాఫీసు. మా కొండ మీదున్నది ఒంటిగది పోస్టాఫీసు. ఒక కిటికీ, ఒక కట్టెల పొయ్యి, ఒక బెంచీ, కిటికీ వెనకాల జవోర్కా పిన్ని. ముప్పై ఏళ్ళుగా ఆవిడే. రిటైరవడానికి నాలుగేళ్ళుంది. పెన్షన్ ఇచ్చేదీ ఆవిడే, కళ్ళు కనపడనివాళ్ళకి కరెంటు బిల్లు చదివి పెట్టేదీ ఆవిడే, మంచం పట్టినవాళ్ళకి మధ్యాహ్నం కిటికీ మూసి డబ్బు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేదీ ఆవిడే. బెంచీ మీద పొద్దున్న నుంచి తిహోమిర్ తాత కూర్చునుంటాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో పొయ్యి పొగ కక్కుతుంది.

రిజిస్టర్ కవర్లో డబ్బు పెట్టకూడదని రూలు. అందుకని కవరు కవరుకీ జవోర్కా పిన్ని అడిగి తీరాలి.

"పెరూనికత్తా, లోపల డబ్బు లేదుగా?"

"ఉత్తరం."

"కుట్టేశారేం?"

"చలికాలం కదే అమ్మాయ్."

"ఇందులో?"

"మిరపకాయలు ఎలా కాల్చాలో రాశాను."

"ఇది బరువుగా ఉందే."

"వివరంగా రాశాను."

జవోర్కా పిన్ని కవరుని దీపం ముందు పెట్టి చూసేది. కార్బన్ కాగితం పుణ్యమా అని రాత్రిలా ఉండేది. "సరే," అని ముద్ర కొట్టేది. తర్వాత్తర్వాత వారానికి ఏడెనిమిది కవర్లయ్యాయి, కవరుకో సంభాషణ. తిహోమిర్ తాత ఏ ఒక్కటీ మిస్సయ్యేవాడు కాదు.

సెప్టెంబరులో ఆ పోస్టాఫీసు తలుపుకి ఒక కాగితం అంటించారు. ఈ శాఖలో పని చాలడం లేదు, వచ్చే ఆర్నెల్లలో ఏ నెలైనా రిజిస్టర్ ఉత్తరాలు అరవైకి తగ్గితే శాఖ మూసేసి, ఉద్యోగిని నీష్ నగరానికి మారుస్తాం అని దాని సారాంశం. నీష్‌కి బస్సులో గంటన్నర. జవోర్కా పిన్నికి ఇంట్లో మంచం మీదున్న తల్లి ఉంది. కొండ మీది ముసలివాళ్ళు పెన్షన్ కోసం కిందికి దిగాలంటే మూడు కిలోమీటర్ల వాలు, చలికాలంలో అద్దంలా ఐసు. తిహోమిర్ తాత కాగితం చదివి, "దిగడం దిగుతాను. ఎక్కడం వచ్చే జన్మలో," అన్నాడు.

కొండంతా అట్టుడికింది. బేకరీ దగ్గర సభ పెట్టారు. సంతకాలు సేకరించారు. నాలుగొందల మంది పెట్టారు, నేను రెండుసార్లు పెట్టాను. అమ్మమ్మ పెట్టలేదు.

"ఏమిటమ్మమ్మా, జవోర్కా పిన్ని కోసం ఒక్క సంతకం పెట్టలేవా?"

"చేతికి పనుంది," అని గుడ్డు గిన్నె డబ్బుకి కవరు కుట్టుకుంటూ కూర్చుంది.

నాకు సిగ్గేసింది. ఊరంతా తలుపు దగ్గర ఏడుస్తుంటే ఈవిడ ఒంటి స్కీ కర్రకి పాట పాడుతోంది. పైగా ఇంతకుముందు వారానికి ఒకటో రెండో కొనేది, ఇప్పుడు రోజూ కొంటోంది. ముసలితనంలో జూదం పట్టుకుందేమోనని మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా. మా అమ్మ, "బొత్తాలేగా, కొననీ," అంది.

ఆర్నెల్లలో అయిదు గడిచాయి. ప్రతినెలా ఎలాగో అరవై దాటింది, ఒకసారి అరవై రెండు, ఒకసారి అరవై ఒకటి. శాఖ మూతపడుతుందని భయపడి జనం ఉత్తరాలు రాస్తున్నారని అందరూ అనుకున్నారు. రాసేది ఎవరో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నేను అసలే ఆలోచించలేదు, అది నా అలవాటు కాదు.

ఫిబ్రవరిలో అమ్మమ్మ బావి దగ్గర ఐసు మీద జారి చీలమండ బెణకేసుకుంది. డాక్టరు మూడు వారాలు కదలొద్దన్నాడు. మంచం మీద కూర్చునే కవర్లు కుట్టి, నా చేత పంపడం మొదలెట్టింది. మొదటి వారం బుద్ధిగానే పంపాను. రెండో వారం ఇరవయ్యో తారీఖున పదకొండు కవర్లు చేతిలో పెట్టి, "ఇవాళే ఇచ్చెయ్యి, రసీదులు తీసుకురా," అంది.

పోస్టాఫీసు దగ్గరికి వెళ్తే పెన్షన్ రోజు. గుమ్మం దాకా క్యూ. క్యూలో ఒక్కొక్కళ్ళూ అమ్మమ్మ కాలి గురించి అడుగుతారు, ఒక్కొక్కళ్ళూ ఒక వైద్యం చెబుతారు. ఆ తర్వాత పదకొండు కవర్లు, పదకొండుసార్లు "లోపల డబ్బు లేదుగా". అబద్ధం ఆడటంలో నాకు మా అమ్మమ్మంత అనుభవం లేదు. కొట్టుకి ఆలస్యమవుతోంది. వెనక్కి తిరిగి కిందికి దిగిపోయాను.

కొట్లో కూర్చుని, ఆవిడ ఖాతా తెరిచి, నా కార్డుతో పదకొండు మందికీ డబ్బు పంపేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఇంత తెలివి నాకెక్కణ్ణించి వచ్చిందా అని నాకే ముచ్చటేసింది. తర్వాత నా డబ్బు నేను తీసుకుందామని కవర్లు విప్పబోయాను. దానికి నాలుగు నిమిషాలు చాల్లేదు, నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. పదో కవరు దాకా దొరికాయి. పదకొండో దాంట్లో నోటు ఎక్కడుందో దేవుడికెరుక. అమ్మమ్మ రసీదులు అడిగినప్పుడల్లా కొట్లో మర్చిపోయానన్నాను.

స్టాంపులకని నా చేతికిచ్చిన డబ్బు మిగిలితే, దాంతో నెలాఖరు శుక్రవారం అమ్మమ్మకి కమలాలు కొనుక్కొచ్చాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ ఒకటి వలిచి, తొన నోట్లో పెట్టుకుని, "ఇంత డబ్బెక్కడిది నీకు?" అంది.

గర్వంగా చెప్పేశాను. నాలుగు నిమిషాలు అన్నమాట రెండుసార్లు చెప్పాను.

అమ్మమ్మ నమలడం ఆపేసింది.

"పదకొండూ?"

"పదకొండూ."

"ఒక్కటి కూడా కిటికీలో ఇవ్వలేదూ?"

"డబ్బు వాళ్ళకి ముట్టిందిగా అమ్మమ్మా. ఇంకేం కావాలి?"

"డబ్బు ముడితే ఎవడికి కావాలే. ఉత్తరం వెళ్ళలేదుగా." దుప్పటి తీసి అవతల పడేసింది. "ఇవాళ ఎంత తారీఖు?"

"ఇరవై ఎనిమిది."

"టైమెంత?"

"పదిన్నర."

"రెండింటికి కిటికీ మూస్తుంది. నా కళ్ళజోడు ఇలా పట్రా. సూదులు రెండూ పట్రా. తలుపు మీద కాగితం అంటించారే, అది చదివావా లేక అంతమాత్రం చదువు కూడా లేదా నీకు? నెలకి అరవై. అందులో సగం నావి."

నేను కమలాల సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అయితే బొత్తాలు..."

"బొత్తాలు నేనేం చేసుకుంటానే? వేసుకునేది ఒక్క కోటు."

"మరి బ్యాంకులంటే పడదన్నావ్?"

"పడదు. అది వేరే."

"వస్తువొచ్చాక డబ్బిచ్చే పద్ధతి..."

"దానికి మనం ఉత్తరం రాయక్కర్లేదుగా, మొద్దూ. నించోకు, దారం ఎక్కించు."

దారం ఎక్కించాను. మూడుసార్లు తప్పింది. "సంతకం ఎందుకు పెట్టలేదు మరి?" అన్నాను.

"పై వాళ్ళు సంతకాలు లెక్కపెట్టరు. ఉత్తరాలు లెక్కపెడతారు. కాగితం మీద అదే రాశారు."

"ఉత్తరాలే కావాలంటే తెలిసినవాళ్ళకి రాయొచ్చుగా. ఈ కొనడమెందుకు?"

"ఎవరికి రాయను? నాకు తెలిసినవాళ్ళు ఈ కొండ మీదున్నారు, లేకపోతే కొండ వెనక శ్మశానంలో ఉన్నారు. ఉత్తరం రాయాలంటే అవతల ఒక మనిషుండాలి. అందుకని వేలంలో కొనుక్కున్నాను. యాభై దినార్లకి ఒక మనిషి, పైగా జవాబు రాస్తాడు. ఇంతకన్నా చవకగా ఎక్కడ దొరుకుతాడు?"

పదకొండు కవర్లకి కుట్టు పని మొదలెట్టాం. నేను విప్పిన ఉత్తరాలు మడిచి ఇస్తుంటే ఆవిడ కుడుతోంది. నోట్లు కూడా మళ్ళీ ఇస్త్రీ చేసి పెట్టమంది.

"వాళ్ళకి డబ్బు ముందే ముట్టింది. మళ్ళీ ఎందుకు?"

"డబ్బు లేకుండా పంపితే పాపం లాయోష్ గారు ఎక్కడ దాచానో అని వారం రోజులు వెతుకుతాడు. ఆయనకి నడుం నొప్పి."

పదకొండో కవర్లో నోటు దొరకలేదని చెప్పాను. ఆవిడ ఉత్తరం పైకెత్తి చూడను కూడా లేదు. కవరు లోపల అంటించిన జేబులోంచి రెండు వేళ్ళతో తీసి నా ఒళ్ళో పడేసింది. ఒంటిగంటా ఇరవైకి చివరి ముడి వేసి, పళ్ళతో దారం తెంపి, తనూ వస్తానని చీలమండ మీద లేవబోయింది. కూర్చోబెట్టి నేను పరిగెత్తాను. మధ్యలో పడ్డాను కూడా, కవర్లు మాత్రం గుండెలకి హత్తుకున్నాను కాబట్టి తడవలేదు.

పోస్టాఫీసులో జవోర్కా పిన్ని మేజా సొరుగు ఖాళీ చేస్తోంది. కప్పూ, చేతి తొడుగులూ, తల్లి ఫొటో ఒక సంచిలో సర్దుకుంటోంది. తిహోమిర్ తాత పొయ్యికి దగ్గరగా జరిగి, ఉన్న కట్టెలన్నీ ఇవాళే అయిపోవాలన్నట్టు లోపలికి తోస్తున్నాడు.

కవర్లు కిటికీలో పెట్టాను. ఆవిడ సంచీ కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుంది.

"లోపల డబ్బు లేదుగా?"

"లేదు పిన్నీ."

"ఇందులో?"

"మిరపకాయలు."

పదకొండుసార్లూ అడిగింది. పదకొండు రసీదులు చేత్తో రాసింది. చివరికి పెన్ను పెట్టేసి, "యాభై తొమ్మిది," అంది మెల్లగా. "బడి నుంచి ప్రతినెలా ఒకటి వచ్చేది. ఈ వారం జలుబులని బడికి సెలవిచ్చారు."

గోడ గడియారంలో రెండింటికి పన్నెండు నిమిషాలుంది.

"మీరే ఒకటి రాసుకోండి పిన్నీ."

"ఉద్యోగి రాసింది చెల్లదు."

"తాతా, మీరు?"

"నేనెవరికి రాయనే? నాకు తెలిసినవాళ్ళంతా ఇక్కడికే వస్తారు," అన్నాడు తిహోమిర్ తాత.

"నువ్వు రాయి," అంది జవోర్కా పిన్ని, ఒక కాగితం కిటికీలోంచి తోస్తూ.

"ఎవరికి?"

"మీ అమ్మమ్మకి."

"రెండొందల అడుగుల దూరం పిన్నీ."

"ఎంత దూరముండాలో రూల్లో లేదు. త్వరగా."

స్కూలు మానేశాక కాగితం మీద నేను రాసింది లేదు. ఏం రాయాలో తెలియక, ఉన్నది రాశాను. అమ్మమ్మా, నేను జవోర్కా పిన్ని కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నాను. నీకు జూదం పట్టుకుందని అమ్మకి చెప్పింది నేనే. సాసేజి అటకమీది నుంచి మాయమైంది ఎలకల వల్ల కాదు. నీ కవర్లు విప్పాను, ఇక విప్పను. కుట్టడం నేర్పు. ఇట్లు, దున్యా. కవరు అంటించి ఇచ్చాను.

జవోర్కా పిన్ని దాన్ని దీపం ముందు పెట్టింది. "లోపల ఏముంది?"

"తప్పు ఒప్పుకోలు."

"అది పంపొచ్చు," అని ముద్ర కొట్టింది. రెండింటికి నాలుగు నిమిషాలుంది. తిహోమిర్ తాత పొయ్యిలోకి తోసిన కట్టెల్లో రెండు వెనక్కి లాగి, కాళ్ళతో ఆర్పాడు.

నేను బయల్దేరుతుంటే పిన్ని పిలిచింది. "దున్యా, మీ అమ్మమ్మ ఇదంతా ఎందుకు చేస్తుందో నాకు తెలీదని ఆవిడ అనుకుంటోంది. అలాగే అనుకోనీ."

"మరి కవర్లలో డబ్బు ఉంటుందని..."

"ఏ డబ్బు?" అంది జవోర్కా పిన్ని, సంచీలోంచి తల్లి ఫొటో తీసి మళ్ళీ మేజా మీద పెట్టుకుంటూ.

పది రోజులకి తలుపు మీద పాత కాగితం తీసేసి కొత్తది అంటించారు. శాఖ ప్రస్తుతానికి కొనసాగుతుంది, ఇంకో ఆర్నెల్లు గమనిస్తాం. రెండేసిసార్లు డబ్బు అందిన పదకొండు మందిలో పదిమంది ఒకటి తిప్పి పంపారు. పోస్టులోనే, కవర్లోనే, రిజిస్టరు చేసి. లాయోష్ గారు ఒక పాత కోటు కాలరు పంపాడు. అందులో నోటు ఎక్కడ పెట్టి కుట్టాడో తెలియక మా అమ్మమ్మ రెండు రోజులు కాలరు తిరగేసి తిరగేసి, చివరికి ఆయనకి ఫోన్ చేసి అడిగింది. ఆవిడ మొహం అంత ఎర్రగా ఎప్పుడూ చూడలేదు, అంత సంతోషంగా కూడా.

నా ఉత్తరం మాత్రం నేనిచ్చిన మరుసటి సోమవారమే వచ్చింది. నేను కొట్లో ఉన్నప్పుడు పోస్ట్‌మాన్ అమ్మమ్మ చేత సంతకం పెట్టించుకుని ఇచ్చి వెళ్ళాడట. ఆ సాయంత్రం దాని ఊసే ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని సూప్ తాగుతూ నేనూ అడగలేదు.

గురువారం నా పేరు మీద కొట్టుకి ఒక రిజిస్టర్ కవరు వచ్చింది. దుప్పటి కుట్టు. కత్తెర, బ్లేడు, ఫోన్లు విప్పే స్క్రూడ్రైవరు వాడి అరగంటలో విప్పాను. లోపల నేను రాసిన కాగితమే ఉంది, ఎర్ర పెన్సిలుతో దిద్ది. అడుగున మా అమ్మమ్మ రాత.

"తప్పులు పద్నాలుగు. తిరగరాసి పంపు. రిజిస్టర్లో."